మట్టి తప్పు నేర్పుతది, కాగితాల తప్పు ఇంటికి పంపుతది

ఆదివారం గదా, జర పెద్ద పోస్టు. ఓపికతో చదవండి.

జెర్సీ సిటీలో మనోళ్ల రూముల్లో ఇప్పుడు రెండు ముచ్చట్లు నడుస్తున్నాయి. ఒకటి, రూములోనే ఆర్గానిక్ మట్టిలో కరివేపాకు, మిరప, పుంటికూర పెంచడం. రెండోది గంజాయి. "షాపుల్ల బిల్లిచ్చి అమ్ముతున్నరు, అదీ మొక్కే గదా. బేస్‌మెంట్‌ల రెండు కుండీలు పెడితే ఏమైతది? మొదట్ల చచ్చిపోతయి, తర్వాత మనమే నేర్చుకుంటం" అని కుర్రోళ్లు అంటున్నారు.

చేసి నేర్చుకోవడం మంచిదే. మన పని మొత్తం అట్లా వచ్చిందే. సెంట్రింగ్ అంగుళం తేడా వస్తే విప్పి మళ్లీ కొడతాం. కానీ పదో అంతస్తు మీద హార్నెస్ లేకుండా నడిచి నేర్చుకుందాం అని ఎవరూ అనరు. ఏ తప్పుకు రెండో అవకాశం ఉంటదో, దేనికి ఉండదో ముందే తెలిసి ఉండాలి. కుండీల సంగతీ అంతే.

ముందు గంజాయి గురించి. న్యూజెర్సీలో 2020 నవంబర్‌లో జనం ఓటేశారు. 2021 ఫిబ్రవరి 22న గవర్నర్ మర్ఫీ చట్టం మీద సంతకం పెట్టారు. 2022 ఏప్రిల్ 21 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్సున్న షాపుల్లో అమ్మకం మొదలైంది. ఇది అందరికీ తెలుసు. చాలామందికి తెలియంది ఏమిటంటే, ఆ చట్టం కొనుక్కోనిచ్చింది గానీ ఇంట్లో పెంచుకోనివ్వలేదు. ఒక్క మొక్క పెంచినా నేరమే. ఐదేళ్ల జైలు, 25,000 డాలర్ల జుర్మానా దాకా పోవచ్చు. నది దాటి న్యూయార్క్ పోతే అక్కడ 2024 జూన్ నుంచి పెద్దవాళ్లు ఇంట్లో కొన్ని మొక్కలు పెంచుకోవచ్చు. పాత్ రైల్లో కొద్ది నిమిషాల దూరంలో చట్టం మారిపోతుంది. మనోళ్లు పొరపాటు పడేది ఇక్కడే.

ఇది రాష్ట్రం లెక్క. మన లెక్క వేరే. వీసా, గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ చూసేది ఫెడరల్ సర్కారు. వాళ్లకు గంజాయి 1970 నాటి చట్టం కింద ఇప్పటికీ నియంత్రిత పదార్థమే. న్యూయార్క్‌లో ఉన్నా, జెర్సీలో ఉన్నా తేడా లేదు. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు దగ్గర పెట్టుకున్న ఒక్క కేసుకు డిపోర్టేషన్ చట్టంలో మినహాయింపు ఉంది. పెంచినవాడికి ఆ మినహాయింపు లేదు. కోర్టులో శిక్ష పడకపోయినా, అధికారి ముందు "అవును, పెంచాను" అని ఒప్పుకున్న మాటే వీసాకు, మళ్లీ దేశంలోకి రావడానికి అడ్డం పడొచ్చు. ఎయిర్‌పోర్టులో ఫోన్ తీసి చూసే అధికారం వాళ్లకు ఉంది. మొక్క పక్కన నిలబడి దిగిన ఫొటో అందులోనే ఉంటుంది.

ఇంకోటి. 2019 ఏప్రిల్‌లో యూఎస్‌సీఐఎస్ రాతపూర్వకంగా చెప్పింది, రాష్ట్రంలో లీగల్ అయినా సరే గంజాయి వ్యవహారంలో ఉంటే సిటిజన్‌షిప్‌కు కావలసిన మంచి నడవడిక లేదనవచ్చు అని. గంజాయి షాపులో, తోటలో ఉద్యోగం కూడా ఇందులోకే వస్తుంది. అందుకే ఎవరైనా వచ్చి "బేస్‌మెంట్ మేం చూసుకుంటం, నువ్వు నీళ్లు పోస్తే చాలు, క్యాష్ ఇస్తం" అంటే అక్కడి నుంచి నడిచి వచ్చేయండి. పట్టుబడే రోజు అక్కడ కనబడేది నీళ్లు పోసేవాడే.

ఇది మన దగ్గర చూసిన కథే. 2021లో విశాఖ ఏజెన్సీలో ఆంధ్రా పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోలు కుప్పపోసి కాల్చారు. పంట పెట్టింది, మూట మోసింది ఎక్కువగా కొండల్లోని పేదోళ్లు. అసలు లాభం తిన్నవాళ్లు ఆ కొండల్లో ఉండరు.

"అన్నా, ఒళ్లు నొప్పులకు పని చేస్తది" అని కొందరంటారు. నొప్పి అబద్ధం కాదు. రోజంతా డ్రైవాల్ మోసిన నడుము ఎట్లుంటదో మనకు తెలుసు. ఒక రాష్ట్రం పెంచుకో అని, పక్క రాష్ట్రం కొనుక్కో అని, ఢిల్లీ లెక్క పైన కూర్చున్న వాషింగ్టన్ రెండూ తప్పే అని చెప్పడం న్యాయంగా లేదు, ఒప్పుకుంటాం. అయితే దాన్ని మార్చమని అడగాల్సింది ఓటున్నవాళ్లు. మన గ్రీన్ కార్డును పందెంగా పెట్టి ఆ న్యాయం తేల్చుకోలేం. నొప్పికి డాక్టర్ ఉన్నాడు, ఫిజియోథెరపీ ఉంది. ఇప్పటికే కేసు మీదపడితే మాత్రం నేరం ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. క్రిమినల్ లాయర్‌కు చిన్నదనిపించిన ఒప్పుకోలు మన కాగితాలకు పెద్ద దెబ్బ కావచ్చు.

ఇక కూరగాయల కుండీలు. ఇక్కడ కూడా వెనక్కి తీసుకోలేని తప్పు ఒకటుంది, అది మన పనిస్థలం నుంచే వస్తుంది. సైటులో తవ్విన మట్టి బకెట్‌లో నింపుకుని రూముకు తేవద్దు. ఈ ఊరి మట్టి చరిత్ర తెలియాలి. 1905 నుంచి 1976 దాకా ఈ హడ్సన్ కౌంటీలో క్రోమేట్ ఫ్యాక్టరీలు నడిచాయి. వాటి నుంచి వచ్చిన లక్షల టన్నుల వ్యర్థాన్ని నేల ఎత్తు చేయడానికి ఊరంతా నింపారు. అందులో హెక్సావలెంట్ క్రోమియం ఉంది, అది పీలిస్తే క్యాన్సర్ వచ్చే పదార్థం. 2003లో ఫెడరల్ కోర్టు రూట్ 440 పక్కన ఉన్న 34 ఎకరాల స్థలాన్ని తవ్వి శుభ్రం చేయాలని హనీవెల్ కంపెనీని ఆదేశించింది. దశాబ్దాల కింద ఫ్రీగా వస్తుందని నింపిన మట్టిని కోట్ల డాలర్లు పెట్టి తవ్వాల్సి వచ్చింది. దాంతోపాటు పాత ఇళ్ల చుట్టూ ఉన్న మట్టిలో పెయింట్ నుంచి రాలిన సీసం ఉంటుంది. పిల్లలకు పెట్టే పుంటికూరను ఆ మట్టిలో పెంచొద్దు.

సంచి మట్టి కొనండి. సంచి మీద ఆర్గానిక్ అని రాసి ఉంటే సరిపోదు. తినే వస్తువు మీద ఆ మాటకు ఉన్నంత కట్టుబాటు మట్టి సంచి మీద లేదు. ఓఎంఆర్ఐ ముద్ర ఉందా చూడండి. అది సేంద్రియ సాగుకు పనికొచ్చే సరుకని పరిశీలించి వేసే ముద్ర.

మిగతా తప్పులన్నీ మొక్కే నేర్పిస్తుంది. మనోళ్ల కుండీల్లో ఎక్కువగా కనబడేవి ఇవి.

ఒకటి, నీళ్లు. ఊళ్లో ఎండకు రోజూ పోసే అలవాటు ఇక్కడ జనవరిలో మొక్కను చంపుతుంది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి, పొడిగా ఉంటేనే పోయండి. కుండీ కింద రంధ్రం ఉండాలి. తడి ఎప్పుడూ ఉంటే వేరు కుళ్లుతుంది, చిన్న నల్ల దోమల్లాంటి పురుగులు లేస్తాయి. పైమట్టి ఆరనిస్తే సగం పురుగులు పోతాయి.

రెండు, ఎరువు. ఆర్గానిక్ కదా ఎంత వేసినా మంచిదే అనుకుంటారు. పొలంలో పెంట ఎక్కువైతే మొక్క మాడినట్టే కుండీలోనూ మాడుతుంది. నాలుగు పాళ్లలో ఒక పాలు బాగా మాగిన కంపోస్టు లేదా వానపాముల ఎరువు చాలు, మిగతాది గుల్లగా ఉండే పాటింగ్ మట్టి. వాసన కొడుతుంటే కంపోస్టు ఇంకా మాగలేదని అర్థం. చలికాలంలో మొక్క పెరగదు, అప్పుడు ఎరువు వేయకండి.

మూడు, వెలుతురు. దక్షిణం కిటికీ మంచిది. లేకపోతే ఎల్ఈడీ లైటు రోజుకు 12 గంటలు పెట్టండి. హీటర్ మీద కుండీ పెట్టొద్దు. చలికి కరివేపాకు ఆకు రాలిస్తే చచ్చిందని పారేయకండి, కొమ్మ గోరుతో గీకితే పచ్చగా ఉంటే మార్చి తర్వాత చిగురేస్తుంది.

ఒక జాగ్రత్త. కరివేపాకు మొక్కను, పచ్చి ఆకును ఇండియా నుంచి సూట్‌కేసులో తేవద్దు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది కాబట్టి ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. లైసెన్సున్న నర్సరీలో కొనండి.

పుంటికూర ఎండితే పోయేది రెండు డాలర్ల విత్తనం. మళ్లీ వేసుకోవచ్చు. ఆ ఇంకో మొక్కతో పోయేది ఇన్నేళ్ల కష్టం, ఊళ్లో కట్టాల్సిన అప్పు, పిల్లల చదువు. రూముల్లో కొత్తగా వచ్చిన తమ్ముళ్లు ఉంటారు, తెలుగు చదవడం రానివాళ్లూ ఉంటారు. వాళ్లకు ఇది చదివి వినిపించండి.