సినిమా సైట్‌కు వేసిన తాళం మీ సైట్‌కు ఎందుకు పడుతుంది?

హన్మకొండలో మీ ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఒక సైట్ తెరిచారనుకోండి. ప్రభుత్వ ఆదేశాల మేరకు దీన్ని నిలిపివేశామని ఒక వాక్యం కనిపిస్తుంది. ఒక్కోసారి అది కూడా రాదు, చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది. పక్కనున్నవాళ్ల ఫోన్‌లో, వేరే సిమ్ మీద, అదే సైట్ తెరుచుకుంటుంది. డేటా అయిపోయిందేమో చూసుకుంటారు, ఫోన్ ఆపి ఆన్ చేస్తారు, చివరికి వదిలేస్తారు. ఆ సైట్‌ను ఆపింది ఎవరు, ఏ చట్టం కింద అన్నది మాత్రం మీకు ఎవరూ చెప్పరు.

మన దగ్గర ఈ కథ ఎక్కువగా సినిమా పైరసీతోనే మొదలైంది. 2012లో జూనియర్ ఎన్టీఆర్ ‘దమ్ము’, ధనుష్ తమిళ చిత్రం ‘3’ ఆన్‌లైన్‌లోకి రాకుండా నిర్మాతల తరఫున మద్రాస్ హైకోర్టు నుంచి ‘జాన్ డో’ ఉత్తర్వులు తెచ్చుకున్నారు. దొంగ ఎవరో ముందుగా తెలియదు కాబట్టి, పేరు తెలియని ప్రతివాదుల మీద ఇచ్చే ఉత్తర్వు అది. ఇంటర్నెట్ కంపెనీలు ఏం చేశాయంటే, పైరసీ లింకులను వెతికే శ్రమ ఎందుకని కొన్ని సైట్లనే మొత్తంగా మూసేశాయి. పైరేట్ బేతో పాటు సొంత వీడియోలు పెట్టుకునే విమియో, రాతలు పంచుకునే పేస్ట్‌బిన్ కూడా ఆగిపోయాయి. పెళ్లి వీడియో విమియోలో పెట్టుకున్నవాళ్లకు ‘దమ్ము’తో ఏం సంబంధం? జూన్‌లో హైకోర్టే స్పష్టత ఇచ్చింది: సైట్ మొత్తం కాదు, ఫలానా లింకు మాత్రమే ఆపాలని.

ఆ పాఠం ఎక్కువ కాలం నిలవలేదు. 2017 ఆగస్టులో రెండు హిందీ సినిమాల కోసం తెచ్చిన ఇలాంటి ఉత్తర్వుల జాబితాలో పాత వెబ్ పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా చేరిపోయింది.

మరి పైరసీ ఆగిందా? దీనికి డొమైన్ సంగతి తెలియాలి. చివర డాట్ ఇన్ ఉన్న పేర్లను మన కేంద్ర ఐటీ శాఖ పరిధిలోని నిక్సి చూస్తుంది. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా దానిదే. అలాంటి పేరును ఇక్కడే రద్దు చేయొచ్చు. కానీ డాట్ టీవో టోంగా దీవులది, డాట్ ఎంఈ మాంటెనీగ్రోది. వాటిని మనం రద్దు చేయలేం, మన ఇంటర్నెట్ కంపెనీల దగ్గర దారి మాత్రమే మూయగలం. పైరేట్ బే 2013లో స్వీడన్ డొమైన్ వదిలి గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, సింట్ మార్టెన్ అంటూ దేశాలు పట్టుకు తిరిగి, ఏడాది చివరికి మళ్లీ స్వీడన్ పేరుకే చేరింది. పైగా టోరెంట్‌లో సినిమా ఆ సైట్‌లో ఉండదు. వేల మంది కంప్యూటర్లలో ముక్కలుగా ఉంటుంది. సైట్ చూపించేది చిరునామా మాత్రమే. అందుకే పేరు మూసినా ఫైళ్ల రాకపోకలు ఆగవు.

2019లో ఢిల్లీ హైకోర్టు ‘డైనమిక్’ ఉత్తర్వు ఇచ్చింది. అంటే కొత్త పేరుతో అదే సైట్ వస్తే మళ్లీ కేసు వేయకుండానే జాబితాలో చేర్చొచ్చు. 2023లో సినిమాటోగ్రఫీ చట్టాన్ని సవరించి కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు పెట్టారు. నిర్మాతల బాధను కొట్టిపారేయలేం. పైరసీ వల్ల పరిశ్రమకు ఏటా 20,000 కోట్ల రూపాయల నష్టమని కేంద్రమే చెబుతోంది. 2025 నవంబరులో ఐబొమ్మ కేసులో హైదరాబాద్ పోలీసులు చేసినట్టు, నడిపిస్తున్నారన్న ఆరోపణ ఉన్నవారినే పట్టుకోవడం నా దృష్టిలో సరైన దారి. నేరం తేల్చేది కోర్టు. పక్కింటి సైట్‌కు తాళం పడదు.

అసలు చిక్కు ఏంటంటే, పైరసీ కోసం కంపెనీలు నేర్చుకున్న ఆ మూసివేత పద్ధతే రాతలకూ పనికొస్తుంది. ఐటీ చట్టం 69ఏ కింద దేశ భద్రత, ప్రజాశాంతి వంటి కారణాలకే సైట్లను ఆపాలి. పైరసీ ఆ జాబితాలో లేదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు 66ఏను కొట్టేసి 69ఏను ఉంచింది. రాసినవారు ఎవరో తెలిస్తే వారి మాట కూడా వినాలంది. కానీ 2009 నిబంధనల్లో 16వది ఈ ఆదేశాలను రహస్యంగా ఉంచమంటుంది. రహస్యంగా ఉన్నదాన్ని సవాలు చేయడమెలా?

కట్నం మీద వ్యంగ్యంగా నడిచిన ఒక సైట్‌ను 2018లో ఇలాగే మూసేశారు. 2022 మేలో ఢిల్లీ హైకోర్టు, ఆదేశం కాపీ యజమానికి ఇచ్చి అతని వాదన వినాలని చెప్పింది. అంటే నాలుగేళ్లు.

మీ సైటే ఆగితే ముందు వేరే కంపెనీ సిమ్ మీద, తర్వాత విదేశంలో ఉన్న బంధువు ఫోన్‌లో తెరిచి చూడండి. ఒక కంపెనీలోనే ఆగితే సమస్య ఆ కంపెనీ దగ్గర ఉండొచ్చు. దేశమంతా ఆగి బయట తెరుచుకుంటే ఆదేశం వచ్చినట్టే అనుకోవాలి. ఎక్కడా తెరుచుకోకపోతే డొమైన్ రద్దయిందేమో మీకు పేరు అమ్మిన సంస్థను అడగండి. తెర మీద వచ్చిన వాక్యాన్ని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి, కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కోర్టు ఉత్తర్వయితే ఆ కోర్టుకే వెళ్లాలి. ప్రభుత్వ ఆదేశమైతే వరంగల్ వాళ్లకు దారి హైదరాబాద్‌లోని తెలంగాణ హైకోర్టు, 226 అధికరణ కింద రిట్. అప్పుడు ఆ స్క్రీన్‌షాట్, ఫిర్యాదు కాపీ రెండూ అవసరమవుతాయి.