డొమైను పేర్ల రిజిస్టరు

ఇంటర్నెట్టున డొమైను పేరును రిజిస్టరు చేయించుకొనువాడు తన పేరును, చిరునామాను, టెలిఫోను సంఖ్యను తెలుపవలెను. ఆ వివరములను గోరినవారెల్ల జూచుటకు "హూయిజ్" అను పట్టిక యుండెను. 1982వ సంవత్సరమున దీనికి నియమములు వ్రాసిననాడు ఆ వలలో నున్నవారు కొలదిమంది పరిశోధకులు. పట్టిక తెరచియుండుట యెవరికిని బాధ గాకుండెను. తరువాత కోట్లకొలది పేర్లకు నదే పద్ధతి వర్తించినది.

2018 మే 25వ తేదీన యూరోపియను యూనియనువారి వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము అమలులోనికి వచ్చినది. దాని నతిక్రమించిన సంస్థకు రెండుకోట్ల యూరోలవరకు గాని, ప్రపంచమందలి వార్షిక వ్యాపారములో నూటికి 4 వంతులవరకు గాని జుల్మానా విధింపవచ్చును. శాసనము 2016లోనే ఆమోదింపబడినను, ఈ పేర్ల వ్యవస్థను నడపు కాలిఫోర్నియాలోని ఐకాన్ సంస్థ, గడువున కెనిమిది దినములు ముందు మాత్రమే తాత్కాలిక నియమములు చేసి పట్టికపై తెర దింపినది.

తెర బొత్తిగా అన్యాయమని మేము చెప్పము. అధికారులను విమర్శించు రచయితయు, ఒంటరిగా వ్యాపారము సాగించు స్త్రీయు తమ యింటి చిరునామాను లోకమునకు జాటవలసిన పనిలేదు. దొంగ ప్రకటనలు పంపువారు ఈ పట్టికనుండియే చిరునామాలు ఏరుకొనుచుండిరి.

కాని శాసనము రక్షించునది మనుష్యుని, కంపెనీని గాదు. ఐకాన్ నియమములో, ఈ భేదమును పాటింపకయే యెల్లరి వివరములను మరుగుపరచుటకు రిజిస్ట్రారులకు వీలిచ్చినవి. యూరోపునకు సంబంధములేని వారికిని తెర వేయుటకు వీలిచ్చినవి. బ్యాంకు పేరులో నొక యక్షరము మార్చి అమాయకుల సొమ్ము హరించువాడు సైత మా తెరచాటున నిలువగలిగెను. మోసపోయినవాడును, పత్రికా విలేఖరియు, రిజిస్ట్రారును ప్రార్థింపవలసినవారైరి. 2023 నవంబరులో ఐకాన్ అర్జీలు పంపు నేర్పాటొకటి ప్రారంభించినది. అందు చేరుట రిజిస్ట్రారు ఇష్టము, వివరములిచ్చుటయు వాని నిర్ణయమే.

ఈ లోపమును యూరోపువారే గ్రహించిరి. 2022 నాటి సైబరు భద్రతా ఆదేశములో కంపెనీల వివరములు బహిరంగముగ నుండవలెననియు, న్యాయమైన యర్జీలకు 72 గంటలలో బదులు చెప్పవలెననియు విధించిరి. మన దేశమునను 2023లో వ్యక్తిగత సమాచార శాసనము వెలసినది. అదియు వ్యక్తులకొరకే, కంపెనీలకు మరుగు గల్పించుటకు గాదు. తెలుగు లిపిలో .భారత్ అను పేరు గలిగిన జాతి, తన రిజిస్టరు నియమములను పరులు నిర్ణయించువరకు వేచియుండనేల?

భూమి కొనువాడు సబురిజిస్ట్రారు కచేరిలో అర్జీయిచ్చి, రుసుము చెల్లించి, ఆస్తిపై లావాదేవీలను దెలిసికొనుచున్నాడు. ఆ రిజిస్టరు వీధిలో పరచియుండలేదు, మూసియు నుండలేదు. ఇచ్చటను అట్టి పద్ధతియే తగును. వ్యక్తి గృహము మరుగున నుండవలెను. ప్రజలతో బేరము సాగించు కంపెనీ తన పేరును బయట బెట్టవలెను. తక్కిన వివరములను గోరువాడు తానెవడో, ఎందులకో వ్రాసియిచ్చి, గడువులోపల సమాధానము పొందవలెను. ఇవి శాసనములో స్పష్టముగ జేరునట్లు ప్రజాప్రతినిధులు శ్రద్ధవహింతురుగాక. అంగడి తెరచువాడు పేరుపలక కట్టుటకు వెనుదీసినచో, కొనువాడు సందేహించుట సహజము.