తొలకరి వాన, స్క్రాప్ షెడ్డు, మన వాగు

పోస్టు కొంచెం పెద్దదే. ఓపికగా చదివి, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఊరి పెద్దలకు కూడా చెప్పండి. ఇది తొలకరి పడేలోపు మాట్లాడుకోవాల్సిన సంగతి.

ఏజెన్సీలో ఏ మండల కేంద్రానికి పోయినా బస్టాండు దాటి, వాగు మీద బ్రిడ్జి వచ్చేలోపు, రోడ్డు పక్కన పాత బండ్లు కుప్పలుగా కనిపిస్తాయి. మైదానంలో ఏళ్లకేళ్లు తిరిగి అలసిపోయిన జీపులు, ఆటోలు, ట్రాలీలు చివరికి మన కొండ రోడ్ల మీదికే వస్తాయి. మనల్ని సంతకు, ఆస్పత్రికి, హాస్టల్‌కు మోసీ మోసీ, ఇక కదలలేని రోజున ఆ షెడ్డు ముందు పడిపోతాయి. ఇంజన్ ఒకరు తీసుకుంటారు, టైర్లు ఇంకొకరు, మిగిలింది కిలోల లెక్కన పోతుంది. అక్కడ అందరూ మాట్లాడేది ఇనుము రేటు గురించే. ఆ బండిలో ఇనుము కాక ఇంకా ఏమేం ఉన్నాయి, అవి ఎటు పోయాయి అని అడిగేవాళ్లు లేరు.

ఉన్నవి చాలానే. కాలిన ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, వెనక హౌసింగ్‌లో ఆయిల్, బ్రేక్ ఆయిల్, రేడియేటర్‌లో కూలెంట్, ట్యాంకు అడుగున మిగిలిన డీజిల్. బ్యాటరీలో సీసం, ఆసిడ్. గ్యాస్ కట్టర్‌తో ఛాసిస్ కోసే ముందు వీటిలో పనికొచ్చేది డబ్బాల్లో పడతారు. తలుపులకు, దూలాలకు చెదలు పట్టకుండా పూయడానికి కాలిన ఆయిల్ మన ఇళ్లకూ వస్తుంది. ఆ ఆయిల్ డబ్బానే కడిగి చేలోకి తాగునీళ్లు మోసే ఇళ్లు కూడా ఉన్నాయి, అది ఇంకో పోస్టు రాయాల్సిన సంగతి. పనికిరానిది నేల మీదనే పోతుంది. అందుకే షెడ్డు ముందు మట్టి తారు పోసినట్టు నల్లగా ఉంటుంది. ఎండాకాలమంతా అది అక్కడే ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించదు, ఎవరికీ నొప్పి లేదు.

కనిపించేది తొలకరికి. ఆరేడు నెలలుగా నేలలోకి ఇంకినదంతా మొదటి వానకు ఒక్కసారి లేచి, రోడ్డు పక్క కాలువలో పడి వాగులోకి దిగుతుంది. నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల పొర తేలుతుంది. సరిగ్గా అదే వానకు చేపలు ఏరు ఎదురెక్కుతాయి, మనవాళ్లు వలలు, మావులు పట్టుకుని వాగుకు పోతారు. అదే వాగు ఇసుకలో చెలిమె తీసి కింది గూడెం ఆడవాళ్లు బిందెలు నింపుకుంటారు. చెలిమె నీళ్లు ఇసుక వడపోసిన నీళ్లు కాబట్టి శుభ్రం అని మన నమ్మకం. బురదను ఇసుక ఆపుతుంది, నిజమే. నీళ్లలో కరిగిపోయిన కూలెంట్‌ను ఆపదు. సీసం సంగతి అన్నిటికంటే పాడు. పిల్లల ఒంట్లోకి ఇంత పోతే పర్వాలేదు అని చెప్పగల సురక్షిత మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

"వాన నీళ్లే కదా, కొట్టుకుపోతాయి" అంటారు. కొట్టుకుపోయి ఎక్కడికి పోతాయన్నదే మేము అడుగుతున్నది.

వేరే దేశాల్లో దీన్ని ఎట్లా చూస్తున్నారో వెతికితే అమెరికా చట్టం దగ్గర ఆగాం. అక్కడ 1972లో నీటి కాలుష్య చట్టం వచ్చినప్పుడు అందరి చూపూ ఫ్యాక్టరీ పైపు మీదనే ఉంది. పైపు లేకుండా, వానతో కలిసి ఆవరణలోంచి జారిపోయే మురికి సంగతేంటి అన్న ప్రశ్న తర్వాత ముదిరింది. 1987లో చట్టం సవరించారు, 1990లో రూల్స్ తెచ్చారు. ఆ రూల్స్‌లో పరిశ్రమల జాబితా చదివితే పెద్ద పెద్ద రసాయన ఫ్యాక్టరీల పక్కనే పాత బండ్లు విప్పే యార్డుల పేరు కూడా ఉంటుంది. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చే ఉమ్మడి పర్మిట్‌లో వీటికి సెక్టార్ ఎం అని ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. ఒక్కసారి ఆయిల్ మారిస్తే వచ్చే కాలిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడుచేయగలదని ఆ సంస్థే చెబుతుంది. అందుకని షెడ్డు చిన్నదైనా వదల్లేదు.

ఆ రూల్స్ చదువుతుంటే మాకు ఆశ్చర్యం వేసింది, అంత మామూలు విషయాలు. బండి యార్డులోకి రాగానే, వీలైనంత త్వరగా, లోపలి ద్రవాలన్నీ తీసేయాలి. బ్యాటరీలు వేరుగా పెట్టాలి. కారుతున్న బండి ఏదో తిరిగి చూసుకోవాలి. పనివాళ్లకు ఆయిల్, కూలెంట్ ఎట్లా పట్టుకోవాలో నేర్పాలి. పైనుంచి వచ్చే వాన నీళ్లు యార్డులోకి రాకుండా కట్ట వేయాలి. అన్నీ కప్పు కింద పెట్టి, వాన చుక్క దేన్నీ తాకదని రాసిస్తే ఆ పర్మిట్ నుంచే మినహాయింపు అడగొచ్చు. ఇందులో మన ఊరి మెకానిక్ అన్నకు అర్థం కానిది ఒక్కటీ లేదు.

ఇంకొకటి ఉంది, అది మనం నేర్చుకుని తీరాలి. మూడు నెలలకు ఒకసారి యార్డువాళ్లే వాన నీళ్లను శుభ్రమైన గాజు సీసాలో పట్టి చూడాలి. ముందటి వాన పడి 72 గంటలు దాటి ఉండాలి. నీళ్లు బయటికి పారడం మొదలైన 30 నిమిషాల్లోపే పట్టాలి, ఎందుకంటే మురికంతా మొదటి నీళ్లలోనే ఉంటుంది. సీసాను వెలుతురుకు ఎత్తి రంగు, వాసన, తేట, నురుగు, పైన తేలేది, అడుగున పేరుకునేది, ఆయిల్ పొర ఉందా లేదా చూసి తేదీతో రాసిపెట్టాలి. ల్యాబ్ అక్కర్లేదు. సీసం, అల్యూమినియం లాంటివి కొలవడానికి ల్యాబ్ పరీక్షలు వేరేగా ఉన్నాయి, కానీ ఈ సీసా పరీక్ష మన ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు.

అమెరికాలో అంతా బాగుందని మేము చెప్పడం లేదు. అక్కడి మూలవాసుల భూములు ఎట్లా పోయాయో మనకు వేరే చెప్పాలా? కానీ నీళ్ల విషయంలో వాళ్లు సాధించుకున్న ఒక హక్కు మనం తెలుసుకోవాలి. 1987 సవరణలోనే మూలవాసి తెగలను నీటి ప్రమాణాల విషయంలో ఒక రాష్ట్రంతో సమానంగా చూడొచ్చని రాశారు. న్యూ మెక్సికోలో రియో గ్రాండే నది ఒడ్డున ఐస్‌లెటా ప్యూబ్లో అని ఒక తెగ ఉంది. పైన ఆల్బకర్కీ నగరం, కింద వీళ్లు. నగరం మురుగు శుద్ధి చేసి వదిలే నీళ్లు వీళ్ల మీదుగానే పోతాయి. తమ పూజల్లో నది నీళ్లను ముట్టుకుంటాం, తాగుతాం కాబట్టి నీళ్లు ఇంత శుభ్రంగా ఉండాలి అని 1992లో ఆ తెగ సొంత ప్రమాణాలు పెట్టుకుంది, ఈపీఏ ఒప్పుకుంది. నగరం కోర్టుకు పోయింది. 1996లో అప్పీలు కోర్టు తెగవైపే తీర్పు ఇచ్చింది, 1997లో అక్కడి సుప్రీంకోర్టు నగరం పిటిషన్ వినడానికే నిరాకరించింది. ఆ గొడవ మురుగు నీటిది, స్క్రాప్ యార్డుది కాదు. అయినా కింద ఉన్న చిన్న ఊరు పైనున్న పెద్ద నగరానికి షరతు పెట్టగలిగింది.

ఆ సంవత్సరాలు గమనించారా? 1996 డిసెంబర్‌లోనే మనకు పీసా చట్టం వచ్చింది. 1997 జులైలో సమత తీర్పు వచ్చింది. అంటే మన చేతికి కూడా అప్పుడే ఆయుధం వచ్చింది. వాళ్లు దాన్ని నీటి ప్రమాణంగా మలిచారు. మనం ఎక్కువగా వర్ధంతులకు, ధర్నాలకు, ఫ్లెక్సీలకు వాడుకుంటున్నాం. ఈ మాట కొందరికి కోపం తెప్పించవచ్చు, అయినా అనక తప్పదు.

మన చట్టాల్లో ఏముందో చూద్దాం. 1974 నీటి చట్టం ప్రకారం తెలిసి తెలిసి కాలుష్య పదార్థాన్ని ప్రవాహంలోకో బావిలోకో పోనివ్వడం నిషిద్ధం. ప్రవాహం అంటే నది ఒక్కటే కాదు, ప్రస్తుతం ఎండిపోయి ఉన్న వాగు కూడా ప్రవాహమే అని ఆ చట్టంలోనే రాసి ఉంది. ఏప్రిల్‌లో ఎండిన ఒర్రెలో ఆయిల్ పారబోసి "నీళ్లెక్కడున్నాయి" అంటే చెల్లదన్నమాట. కాలిన ఆయిల్ 2016 రూల్స్ ప్రకారం ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. పాత బ్యాటరీలకు 2022లో వేరే రూల్స్ వచ్చాయి. బండ్లు తుక్కు చేసే కేంద్రాలకు 2021లో రవాణా శాఖ రూల్స్, 2025 ఏప్రిల్ 1 నుంచి కాలం చెల్లిన వాహనాల మీద పర్యావరణ శాఖ రూల్స్ అమల్లోకి వచ్చాయి.

కాగితం మీద బాగానే ఉంది. కానీ ఈ కొత్త రూల్స్ అన్నీ రిజిస్టరైన పెద్ద కేంద్రాన్ని మనసులో పెట్టుకుని రాసినవి. మన ఏజెన్సీలో నాలుగు రేకుల కింద, వేపచెట్టు నీడలో బండి విప్పేవాడు ఆ కాగితాల్లో ఎక్కడా లేడు. పైగా 2025 రూల్స్ నుంచి వ్యవసాయ ట్రాక్టర్లు, ట్రైలర్లు, పవర్ టిల్లర్లు, హార్వెస్టర్లు మినహాయించారు. మన షెడ్ల ముందు ఎక్కువగా పడి ఉండేవి ఏవో మీరే చెప్పండి. షెడ్డు ఆవరణలోంచి పోయే వాన నీళ్లకంటూ అమెరికాలో లాగా ప్రత్యేక పర్మిట్ కూడా మన దగ్గర లేదు. పొల్యూషన్ బోర్డు ఇంజనీరు జిల్లా కేంద్రం దాటి ఈ షెడ్డు దాకా వస్తాడని ఎదురుచూస్తూ కూర్చుంటే మన చెలిమెలు ఆగవు.

అందుకే గ్రామసభ అంటున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 తీసి చదవండి. హక్కుదారులు, గ్రామసభ కలిసి పరీవాహక ప్రాంతాలకు, నీటి వనరులకు తగిన రక్షణ ఉండేలా చూడొచ్చని అందులో ఉంది. పట్టా ఇచ్చిన రోజు ఫోటో దిగి, ఆ చట్టాన్ని పోడు భూమి వరకే అనుకుని మూసేశాం. పీసాలో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించారు. ఉమ్మడి రాష్ట్రంలోనే 2011లో పీసా రూల్స్ వచ్చాయి. కాగితం కొరత లేదు.

ఇక్కడ మన యువతలోనే రెండు వాదనలు వినిపిస్తున్నాయి. ఒకటి, ఆ షెడ్లన్నీ మూయించాలి అని. మేము ఒప్పుకోం. అందులో పానా పట్టుకుని పనిచేసే పిల్లల్లో సగం మనవాళ్లే. పదో తరగతి ఆగిపోయినవాళ్లు, ఐటీఐలో మోటార్ మెకానిక్ చేసి ఇంకెక్కడా పని దొరకనివాళ్లు. కాలిన ఆయిల్ ముందు తగిలేది వాళ్ల చేతులకే, చర్మం పగిలేదీ వాళ్లకే. షెడ్డు మూస్తే వాళ్లు పస్తులుంటారు, ఓనరు ఇంకో వాగు పక్కకు మారతాడు. ఓనరు గిరిజనేతరుడై, 1/70ని పక్కనపెట్టి మన జాగాలో నోటిమాట మీద షెడ్డు వేసుకుంటే అది వేరే లెక్క, దాన్ని ఆ చట్టం కిందనే అడగాలి. భూమి గొడవను ఆయిల్ గొడవలో కలిపితే రెండూ తేలవు.

రెండో వాదన, గనులు, డ్యాములు మీద పడుతుంటే ఈ చిన్న షెడ్డు మీద పడటమేంటి అని. ఇందులో బాధ నిజమే. కానీ మాకు ఇట్లా అనిపిస్తోంది. పక్కనున్న మెకానిక్ అన్నను కూర్చోబెట్టి, ఫలానా డ్రమ్ము పెట్టు అని తీర్మానం చేసి, ఆరు నెలల తర్వాత పెట్టాడా లేదా చూడలేని గ్రామసభ రేపు గని కంపెనీ పెట్టే 300 పేజీల రిపోర్టు ముందు ఏం చేస్తుంది? సంతకాల కోసం మాత్రమే కూర్చునే సభగా మిగిలిపోతుంది.

మరి తీర్మానంలో ఏం రాయాలి? బండి వచ్చిన రోజే ఆయిల్, కూలెంట్, డీజిల్ తీసి మూత ఉన్న డ్రముల్లో, వేరువేరుగా పెట్టాలి. విప్పే చోట కాంక్రీటు నేల, చుట్టూ జానెడు గట్టు, పైన రేకులు. బ్యాటరీ ఆరుబయట పెట్టకూడదు, పగలగొట్టి సీసం తీయడం అసలే కూడదు. ఒలికితే నీళ్లతో కడగకుండా రంపపు పొట్టు చల్లి ఎత్తాలి, ఆ పొట్టును కూడా డ్రమ్ములోనే వేయాలి. కొండవైపు నుంచి వచ్చే వాన షెడ్డు లోపలినుంచి పోకుండా పైన చిన్న కాలువ తవ్వాలి. వాగుకు పోయే దారిలో ఒక తొట్టి కట్టి, దాని అడుగునుంచి వంపు పైపుతో నీళ్లు బయటికి వదిలితే ఆయిల్ పైన తేలి తొట్టిలోనే ఉంటుంది. ఇది ఆయిల్‌నే ఆపుతుంది, కరిగిన ఆసిడ్‌ను, కూలెంట్‌ను ఆపదు. కాబట్టి తొట్టి కట్టాం కదా అని డ్రములు మానేయకూడదు. కాలిన ఆయిల్ ఎవరికి అమ్మారో రసీదు ఆరు నెలలకు ఒకసారి గ్రామసభలో చూపించాలి. మనవాళ్ల షెడ్లకు ఈ ఖర్చు భారమే. ఐటీడీఏ ద్వారా యూనిట్ లోన్ ఇచ్చేటప్పుడు నేల, డ్రములు, తొట్టి ఖర్చు కూడా లెక్కలో కలపాలని అదే తీర్మానంలో అడగండి.

ఇక విద్యార్థులుగా మన పని. వేసవి సెలవుల్లో ఇంటికి పోతున్నాం కదా, తొలకరి నాటికి చాలామందిమి ఊర్లోనే ఉంటాం. మూత ఉన్న రెండు గాజు సీసాలు ఉంచుకోండి. మొదటి వాన పడి కాలువ పారడం మొదలవగానే షెడ్డుకు పైన ఒక సీసా, కింద ఒక సీసా పట్టండి. పైది లేకుండా కిందిది ఒక్కటే పడితే, ఆ మురికి రోడ్డుది అంటాడు ఓనరు, అతని మాట తీసేయలేం. తేదీ, టైము, చోటు కాగితం మీద రాసి సీసాకు అంటించండి. ఫోటో తీయండి, షెడ్డులో పనిచేసే పిల్లల ముఖాలు అందులో పడనీయకండి. ఓనరుతో గొడవకు దిగొద్దు. వీలైతే ముందే ఆయనకు చెప్పి, ఆయన ఎదురుగానే పట్టండి. ఆ రెండు సీసాలు గ్రామసభ రోజున పటేల్, సర్పంచ్, కార్యదర్శి ముందు బల్ల మీద పెట్టి, కింది గూడెం నుంచి చెలిమె నీళ్లు మోసే అమ్మలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. తీర్మానం రిజిస్టర్‌లో రాశాక నకలు అడిగి తీసుకోండి. నకలు లేకుండా లేచి రావద్దు.