సింహాసనమున్న మోటారు కారు

పిల్లలూ! విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం మీలో చాలామంది చూసే ఉంటారు. పొడవాటి మాను చివర, అంత ఎత్తున, పూజారి కూర్చుంటారు. అందరి కళ్ళూ ఆయన మీదే ఉంటాయి. కాని ఆయన క్షేమమంతా కింద ఉంది: మానును మోసే రథంలోనూ, దాన్ని బిగించిన కట్లలోనూ. పైన ఎత్తు కావాలంటే అడుగు గట్టిగా ఉండాలి. ఈ మాట గుర్తుంచుకుని, ఈ నెల ఒక వింత కారు సంగతి వినండి.

1911లో హైదరాబాదును పాలిస్తున్న ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్, ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ కంపెనీ కారు ఒకటి కావాలని కోరాడు. అది మామూలు కారు కాదు. ఊరేగింపులో రాజు అందరికీ కనబడాలి గనుక వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉండాలి. కాని ఆ కారు రాకముందే, ఆ ఏడు ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. కారు ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు చేరింది. దాని రంగు పసుపు. అది ‘సిల్వర్ ఘోస్ట్’ జాతి కారు. అంటే ‘వెండి దయ్యం’ అన్నమాట! ఆ రకం కార్లు చప్పుడు లేకుండా పోతాయని ఆ పేరు వచ్చింది.

ఆ రోజులలో రోల్స్ రాయిస్ వారు కారు మొత్తం తయారుచేసేవారు కారు. ఇనప చట్రం, ఇంజను, ఇరుసులు, కమానులు, చక్రాలు, ఇంతవరకే వారి పని. దీన్నే ఛాసిస్ అంటారు. దానిమీద బాడీ కట్టడం మరొకరి పని. ఈ కారుకు ఆ పని లండనులోని బార్కర్ కంపెనీ చేసింది. ఇందులో వింత లేదు. ఇప్పటికీ లారీ ఛాసిస్ ఒక చోట తయారై వస్తే, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల బాడీ కడుతున్నారు కదా!

మరి సీటు ఎత్తుచేస్తే ఏమవుతుంది? గడ్డి ఎత్తుగా వేసిన బండి గట్టు మలుపులో ఇట్టే ఒరుగుతుంది. అంతే బరువున్న ఇటుకలు వేస్తే అంత సులువుగా ఒరగదు. బరువు పైకి పోయినకొద్దీ గురుత్వకేంద్రం కూడా పైకి పోతుంది. అందుచేత పైన మార్పు చేసేవారు కింద చట్రాన్నీ, కమానులనూ లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఈ కారు తిరిగినది 356 మైళ్ళేనట! అంటే సుమారు 573 కిలోమీటర్లు. విజయనగరంలో బయలుదేరితే హైదరాబాదు చేరడానికి కూడా చాలదు. ఆ తరువాత అది దశాబ్దాల తరబడి కదలకుండా ఉండిపోయింది. తిరగకపోతే అరగదు కదా అనుకుంటున్నారా? నిలిచిపోయిన యంత్రానికి వేరే జబ్బులు వస్తాయి. రబ్బరు గట్టిపడి పగులుతుంది. ఇనుము తుప్పుపడుతుంది. ఇంజను లోపల బిగుసుకుపోతుంది. ఈ కారును తిరిగి బాగుచేయించి, హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో అందరూ చూసేటట్టు ఉంచారు.

ఇటువంటి కారును బాగుచేయడం మహా ఓపికతో కూడిన పని. బిగుసుకున్న ఇంజనును బలవంతంగా తిప్పితే విరుగుతుంది. సిలిండర్లలో నూనె పోసి, అది లోపలికి దిగేదాకా ఆగాలి. విప్పేముందు ఫొటోలు తీయాలి. విప్పిన ప్రతి నట్టుకూ, బోల్టుకూ చీటీ కట్టాలి. రంగు వేసేముందు ఒక మూల పాత రంగును మెల్లగా పొరపొరగా గీకి, అడుగున మొదటి రంగేదో చూడాలి.

అన్నిటికంటె కష్టమైనది ఛాసిస్ విషయం. చట్రంలో ఎక్కడో ఒక వింత రంధ్రమో, అదనపు పట్టీయో కనబడుతుంది. అది మొదట కట్టినవారు కావాలని చేసినదా, తరువాత ఎవరో అవసరానికి తగిలించినదా? వేల సంఖ్యలో తయారైన కారైతే ఇంకొకదానితో పోల్చి చూడవచ్చు. ప్రత్యేకంగా కట్టించిన కారుకు జోడు ఉండదు. అందుచేత కారణం తెలియకుండా ఆ రంధ్రాన్ని పూడ్చకూడదు. పూడ్చారా, అది చెప్పవలసిన సాక్ష్యం ఇక ఎవరికీ దొరకదు. కొత్తగా మెరిపించడం డబ్బుతో అయ్యే పని. పోయిన సాక్ష్యాన్ని ఏ డబ్బూ తీసుకురాలేదు.

చట్రం వంకరపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? దీనికి మీరు బడిలో నేర్చిన లెక్కే చాలు. చట్రం ఎడమపక్క ముందు మూల నుంచి కుడిపక్క వెనక మూలకు కొలవాలి. తరువాత కుడి ముందు నుంచి ఎడమ వెనకకు కొలవాలి. రెండు కర్ణాలూ సమానమైతే చట్రం ఒక పక్కకు లాగుకుపోనట్టే. తేడా వస్తే ఒక పక్కకు లాగుకుపోయిందన్నమాట.

మీ ఇంట్లో నులకమంచం ఉంటే ఒక దారం తీసుకుని ఈ పరీక్ష చేసి చూడండి. ఎదురెదురు పట్టెలు సమానంగా ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి సుమా! ఆ తరువాత కర్ణాలు కొలవండి.

పెద్దలకు ఒక చిన్న మనవి. ఇంట్లో మూలపడిన పాత గడియారమో, కుట్టుమిషనో పాతసామాన్లవాడికి వేసేముందు, పిల్లల చేత దాని బొమ్మ గీయించండి. మీరు దగ్గర ఉండి, ఒక్కొక్క మరా విప్పించి, ఏది ఎక్కడిదో రాయించండి. మళ్ళీ బిగించేటప్పుడు ఒక మర మిగిలిపోతే, అది ఎందుకుందో పిల్లలనే వెతకనివ్వండి.