ఒక్క మంచి అధికారి వస్తే సరిపోతుందా?



మొన్న మిర్చి కల్లంలో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, సీబీఐ లక్ష్మీనారాయణ లాంటోళ్లు గెలిస్తే ఈ లంచాలు పోవా?" చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే ఇది.

వి.వి. లక్ష్మీనారాయణ మన వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివి, 1990లో మహారాష్ట్ర కేడర్ ఐపీఎస్ అధికారి అయ్యారు. హైదరాబాద్‌లో సీబీఐ జాయింట్ డైరెక్టర్‌గా సత్యం, ఓబుళాపురం గనులు, జగన్ ఆస్తుల కేసుల దర్యాప్తు నడిపించారు. 2018లో ఉద్యోగం వదిలి, ఊళ్లు తిరిగి రైతులతో మాట్లాడారు. ఏడాదికే జనసేన అభ్యర్థిగా విశాఖ లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. 2023 డిసెంబరులో సొంత పార్టీ పెట్టారు. 2024లో విశాఖ ఉత్తరంలోనూ గెలవలేదు.

రాజకీయాల్లోకి రావడం ఆయన హక్కు. కానీ దర్యాప్తు చేసిన చేతులు ఏడాదిలోనే పార్టీ జెండా పట్టుకుంటే, నిందితులు "ఇది రాజకీయ కేసని ముందే చెప్పలేదా" అంటారు. దాంతో నిజాయితీగా చేసిన పని మీద కూడా అనుమానం పడుతుంది. అందుకే ఇలాంటి అధికారులు పోటీ చేసే ముందు కొన్నేళ్ల గడువు ఉండాలని చట్టం చేయాలి.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఓబుళాపురం కేసు 2009లో నమోదైంది. గాలి జనార్దన్ రెడ్డిని 2011లో అరెస్టు చేశారు. సీబీఐ కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది 2025 మేలో! మరుసటి నెలలోనే హైకోర్టు ఆ శిక్షను నిలిపివేసి బెయిలిచ్చింది. ఈ మధ్యలో 2023లో ఆయన కర్ణాటకలో ఎమ్మెల్యేగా కూడా గెలిచారు. అవినీతి కేసుల విచారణ రెండేళ్లలో, ఎంత ఆలస్యమైనా నాలుగేళ్లలో ముగిసేలా చూడాలని 2018 చట్ట సవరణ చెబుతోంది. అరెస్టు చేసిన అధికారి పేరు అందరికీ తెలుసు. కోర్టులో ఏళ్ల తరబడి వాదించే ప్రాసిక్యూటర్ పేరు ఎవరికీ తెలియదు. అక్కడ మనుషులు చాలక, వాయిదాలు పెరిగితే ఎంత గొప్ప దర్యాప్తయినా కాగితాల కట్టగానే మిగులుతుంది. ఓట్లడగడానికి వచ్చేవాళ్లను మనం అడగాల్సింది ఇదే: కోర్టులు, ప్రాసిక్యూటర్లు ఎప్పుడు పెంచుతారు?

ఇక మన సంగతి. నా పాసుపుస్తకంలో పది గుంటలు తక్కువ పడితే, సరిచేయడానికి ఒక ఆఫీసులో డబ్బులడిగారు. పెట్టుబడి సాయం ఆగుతుందన్న భయంతో ఇచ్చాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేసినవారికి చట్టం రక్షణ ఇస్తుంది. ఏసీబీ నంబరు 1064. ఒంటరిగా చేయడానికి భయమైతే సంఘానికి చెప్పండి, కలిసి పోదాం.

మొక్కులు తీర్చడానికి కురవి వీరన్న ఉన్నాడు. ఆఫీసుల్లో లంచం ఆపడానికి మాత్రం మనమే నిలబడాలి.