ఏటేటా కుట్టిన చిన్న అంగీ

పాలు మానిన పసివాణ్ణి హన్నా షిలోహుకు తీసుకెళ్లి యాజకుడైన ఏలీకి అప్పగించింది. దేవునికిచ్చిన మాట నిలబెట్టుకుంది. అయితే అప్పగించి మరచిపోలేదు. ప్రతి సంవత్సరం భర్త ఎల్కానాతో కలిసి బలి అర్పించడానికి వెళ్లేటప్పుడు ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లి కొడుక్కి ఇచ్చేదని బైబిలు చెబుతోంది (1 సమూ 2:19). ఆ వచనం చదివినప్పుడల్లా మనం హన్నా ప్రేమను మెచ్చుకుంటాం. కానీ అదే చోట ఏలీ చేసిన పని మన కంటికి అంతగా ఆనదు. పిల్లవాడు తన దగ్గర పెరుగుతున్నాడు గనుక కన్నవాళ్లు రాకూడదని ఆయన అనలేదు. వచ్చిన ఆ దంపతుల్ని ఆశీర్వదించి పంపించాడు. కన్నవారు రావడం మానలేదు, పెంచేవాడు తలుపు మూయలేదు. ఆ ఇద్దరి మధ్య సమూయేలు ఎదిగాడు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, కశింకోటలోగాని పక్కనున్న అనకాపల్లిలోగాని, ఆ మాటకొస్తే తెలుగునాట ఏ ఊళ్లోనైనా, ఆరాధన ముగిశాక పాస్టరుగారి కోసం ఆగిపోయే కుటుంబాల్లో ఇలాంటి చిక్కుతో వచ్చేవారుంటారు. తల్లి చనిపోతుంది, లేదా భార్యాభర్తలు విడిపోతారు. బిడ్డను అమ్మమ్మో, పిన్నో, మేనమామో తెచ్చుకుని పెంచుతారు. తండ్రి పని వెతుక్కుంటూ విశాఖకో, హైదరాబాదుకో, గల్ఫుకో వెళ్లిపోతాడు. కొందరు మళ్లీ పెళ్లి చేసుకుంటారు. ఏళ్లు గడిచాక ఒకనాడు వాకిట్లో నిలబడి, ‘నా బిడ్డను ఒక్కసారి చూపించండి’ అని అడుగుతాడు. లోపల ఉన్నవాళ్లకు ఒళ్లు మండుతుంది. జ్వరమొచ్చిన రాత్రి నువ్వెక్కడున్నావు, బడిలో వేసిననాడు ఎక్కడున్నావు అని నిలదీస్తారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. తండ్రి కన్నీళ్లలోనూ అబద్ధం లేకపోవచ్చు. మరి ఎవరిది హక్కు?

ఈ తగవు తెలుగువారికి కొత్త కాదు. నూరేళ్ల కిందట ఒక తెలుగు తండ్రి వేసిన కేసు మద్రాసు నుంచి లండన్ దాకా వెళ్లింది. ఆయన మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్య. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. 1905లో భార్య సంజీవమ్మ చనిపోయారు. 1909లో కొడుకులతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరారు. అక్కడ ఆయన కొడుకుల్లో కృష్ణమూర్తి, నిత్యానందలను సమాజం పెద్దలు చేరదీశారు. 1910 మార్చిలో ఆ ఇద్దరి సంరక్షణనూ నారాయణయ్య సమాజ అధ్యక్షురాలు అనిబీసెంటుకు రాసిచ్చారు. తర్వాత పిల్లలు ఇంగ్లాండు వెళ్లిపోయారు. వారు పెరుగుతున్న పరిసరాలపై, అక్కడి ఒక వ్యక్తి నడతపై తండ్రికి అనుమానాలు కలిగాయి. 1912లో తన బిడ్డల్ని తనకు ఇప్పించమని కోర్టుకెక్కారు. 1913లో మద్రాసు హైకోర్టులో ఆయనే గెలిచారు. బీసెంటు ప్రివీ కౌన్సిల్‌కు అప్పీలు చేశారు. 1914లో అక్కడ ఆమె గెలిచారు.

ఆ తీర్పులో నేటికీ పనికొచ్చే సంగతులున్నాయి. తండ్రి తన బిడ్డ సంరక్షణను మరొకరికి అప్పగించినా, దాన్ని వెనక్కి తీసుకునే అధికారం ఆయనకు ఉంటుందని ప్రివీ కౌన్సిల్ ఒప్పుకుంది. అయితే ఆ ఏర్పాటు ప్రకారం బిడ్డ పెరిగి, చదువులో పడ్డాక, దాన్ని రద్దు చేస్తే బిడ్డకు మేలా కీడా అన్నది కోర్టు చూడాల్సిందేనని చెప్పింది. అన్నిటికన్నా పెద్ద మాట ఇంకొకటి. ఇంత పెద్ద వ్యాజ్యంలో ఆ పిల్లల తరఫున ఎవరూ లేరు, వారి ఇష్టమేమిటో ఎవరూ తెలుసుకోలేదు. అప్పటికి కృష్ణమూర్తికి 19 ఏళ్లు. పెద్దలు రెండేళ్లపాటు వాదించుకున్నారు గాని, ఎవరి గురించి వాదించుకున్నారో వారినే అడగలేదు.

నారాయణయ్య ఓడిపోయారు. ఆ అన్నదమ్ములు 1921 చివర దేశానికి తిరిగొచ్చాక తండ్రిని వెళ్లి చూశారు. 1924లో ఆయన కన్నుమూశారు. దాదాపు పదేళ్లు తండ్రీకొడుకుల మధ్య సముద్రాలున్నాయి. అన్నేళ్ల ఎడబాటును పూరించే తీర్పు ఏ కోర్టూ ఇవ్వలేదు.

ఈ కథకు ఇంకో వైపుంది. క్రైస్తవులమైన మనం దాన్ని దాటేసి పోకూడదు. పెంచే తల్లిగా మద్రాసులో బోనెక్కిన అనిబీసెంటు, అంతకు ముప్పై ఏళ్లకు పైగా ముందు ఇంగ్లాండులో కన్నతల్లిగా కోర్టులో ఓడినవారే. ఆమె భర్త ఫ్రాంక్ బీసెంటు చర్చి పాదిరి. ఇద్దరూ 1873లో విడిపోయినప్పుడు కూతురు తల్లి దగ్గర ఉండేలా ఒప్పందం జరిగింది. 1878లో ఆమె నాస్తిక భావాలనూ, సంతాన నియంత్రణపై ఒక పుస్తకం ప్రచురించడాన్నీ కారణంగా చూపి ఎనిమిదేళ్లు కూడా నిండని ఆ పాపను తల్లి నుంచి తీసేశారు. పిల్లల్ని చూసుకునే వీలు తర్వాత కోర్టు కల్పించింది. కానీ ఆ కలయికలు ఎంతటి వేదనగా మారాయంటే, పిల్లలు పెద్దవారై తమంతట తామే తేల్చుకునే దాకా చూడకూడదనీ, ఉత్తరం కూడా రాయకూడదనీ నిర్ణయించుకున్నానని ఆమె ఆత్మకథలో రాసుకున్నారు. పెద్దయ్యాక ఆ బిడ్డలిద్దరూ తల్లి దగ్గరికే వచ్చారు.

చూసే హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన చాలదని ఇక్కడ తెలుస్తోంది. వాకిట్లో ముఖం ముడుచుకుని, గడియారం చూసి, వచ్చినవాళ్లను ఒక మాట అని పంపితే కోర్టు ఆర్డరు నెరవేరుతుంది గాని బిడ్డకు ఒరిగేదేమీ లేదు. దేవుని పేరు చెప్పుకునే ఇంట్లో కూడా ఈ పని జరిగిందన్నది మనకు సిగ్గుచేటు.

మరి నేటి చట్టం ఏమంటోంది? మన దేశంలో క్రైస్తవ కుటుంబాల్లో గార్డియన్ తగవులకు ముఖ్య ఆధారం 1890 నాటి సంరక్షకుల చట్టం. దాని ప్రకారం కోర్టు మొదట చూసేది బిడ్డ క్షేమం. బిడ్డ వయసు, గార్డియన్ నడత, రక్తసంబంధం, చనిపోయిన తల్లి లేక తండ్రి కోరిక ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. తెలివిగా చెప్పగల వయసుంటే బిడ్డ మాట కూడా వింటారు. బిడ్డ మామూలుగా ఉంటున్న ఊరు ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే అడగాలి.

ఇక్కడ మన కుటుంబాలు తెలుసుకోవాల్సిన తేడా ఒకటుంది. సంరక్షణ వేరు, దత్తత వేరు. క్రైస్తవులకు సొంత దత్తత చట్టం లేక, చాలాకాలం గార్డియన్‌గా ఉండటమే దారిగా ఉండేది. బాలల న్యాయ చట్టం వచ్చాక ఏ మతంవారైనా దత్తత తీసుకునే వీలు కలిగింది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని మరోసారి స్పష్టం చేసింది. ఆ చట్టం కింద దత్తత పూర్తయితే కన్నవారితో చట్టపరమైన బంధం తెగిపోతుంది. గార్డియన్‌గా పెంచితే తెగదు. చాలా ఇళ్లలో కాగితమే ఉండదు, నోటిమాట మీదే బిడ్డ పెరుగుతుంది. అలాంటప్పుడు తండ్రి ఎప్పటికీ తండ్రే.

అయితే తండ్రి అన్న పేరొక్కటే చాలదు. 2015 జూలైలో ఒక క్రైస్తవ తల్లి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఆమె పెళ్లికాకుండా తల్లయింది, కొడుకును ఒంటరిగా పెంచుకుంది. తానే గార్డియన్‌గా ఉండటానికి, బిడ్డను పట్టించుకోని తండ్రి పేరు చెప్పి అతనికి నోటీసు పంపాల్సిన అవసరం లేదని కోర్టు అంది. మరోవైపు 2019 మేలో వచ్చిన ఇంకో కేసు చూడండి. భార్య కేన్సరుతో చనిపోయింది, భర్త తాను కూడా జబ్బుపడి ఆసుపత్రి పాలయ్యాడు. పాప తల్లి తరఫు బంధువుల దగ్గర పెరిగింది. కోలుకున్న తండ్రి బిడ్డను అడిగాడు, వారు ఇవ్వలేదు. సుప్రీంకోర్టు పాపను తండ్రికి ఇప్పించింది. అంతటితో ఆగక, అంతకాలం సాకినవారు తండ్రి ఇంటికి వచ్చి పాపతో గడిపే ఏర్పాటు కూడా చేసింది. ఒకచోట తండ్రికి నోటీసే అక్కర్లేదన్నారు, ఇంకోచోట తండ్రికే బిడ్డనిచ్చారు. రెండు తీర్పుల్లో వైరుధ్యం లేదు. ఒకడు బాధ్యతను వదిలి వెళ్లాడు, మరొకడు జబ్బు వల్ల దూరమయ్యాడు. 2020 జనవరిలో మరో కేసులో, నేరుగా కలవలేని తల్లి లేక తండ్రి వీడియోకాల్‌లో బిడ్డతో మాట్లాడే వీలుండాలని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. అంటే గల్ఫులో ఉన్న తండ్రికి కూడా దారి మూసుకుపోలేదు.

ఇప్పుడు పెంచినవారితో ఒక మాట. మీ భయం మాకు తెలుసు. ఇవాళ చూస్తానంటాడు, రేపు తీసుకుపోతానంటాడు అని మీ గుండె కొట్టుకుంటుంది. కానీ నాన్న ఎవరో, ఎందుకు రాడో తెలియని బిడ్డ తనలోనే ఏదో లోపం ఉందనుకునే ప్రమాదం ఉంది. తండ్రిని చూడనివ్వడం తండ్రికి చేసే ఉపకారం కాదు, బిడ్డకు చేసే మేలు. అతను ఖర్చులకు డబ్బు పంపలేదని చూపు ఆపకండి, డబ్బు పంపాడని చూపు అమ్మకండి. అతని మీదున్న కోపం బిడ్డ చెవిన పోయకండి. అయితే ఆ తండ్రి తాగి కొట్టేవాడైతే, బిడ్డకు అతనివల్ల హాని జరిగి ఉంటే, క్షమించమని మిమ్మల్ని తొందరపెట్టే హక్కు సంఘపెద్దలకు గాని, బంధువులకు గాని లేదు. అలాంటప్పుడు కోర్టు ద్వారానే, మరొకరి సమక్షంలోనే కలవాలి, లేదా కలవకూడదు.

తండ్రులతో కూడా ఒక మాట. మీరు మొదట అడగాల్సింది బిడ్డను కాదు, బిడ్డతో కొంత సమయాన్ని. ఒక్కసారే ఏళ్ల లోటు తీరదు. వస్తానన్న ఆదివారం తప్పకుండా రండి. గుమ్మంలో కూర్చుని దారి చూసిన బిడ్డకు మీరు రాకపోవడం రెండోసారి వదిలేయడమే. పెంచినవారి ముందు తల వంచి కృతజ్ఞత చెప్పండి. మీరు లేని రాత్రుల్లో మేలుకున్నది వాళ్లే. మాటలతో తేలకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. అక్కడ మధ్యవర్తిత్వం జరుగుతుంది, అర్హులకు లాయరును ఉచితంగా ఇస్తారు.

సొలొమోను రాజు ముందు ఇద్దరు తల్లులు ఒక బిడ్డ కోసం పోరాడారు (1 రాజులు 3). బిడ్డ తనకు దక్కకపోయినా బతికుంటే చాలన్న ఆమెలోనే రాజు తల్లిని చూశాడు. ఆ పరీక్ష నేటికీ మారలేదు. కన్నవారైనా, పెంచినవారైనా, బిడ్డ మేలు కోసం కొంత వదులుకోగలిగిన వాళ్లలోనే ప్రేమ ఉంది.

హన్నా తీసుకెళ్లిన అంగీ దగ్గరికే మళ్లీ వద్దాం. నిరుడు కుట్టింది ఈ ఏడు సరిపోదు. పిల్లవాడు ఎంత ఎదిగాడో తెలిస్తేనే కొలత కుదురుతుంది. ఆ కొలత తెలియాలంటే కన్నవారు వెళ్లాలి, పెంచేవారు రానివ్వాలి. మన ఊళ్లో ఏ ఇంటి వాకిట్లోనైనా రేపు ఒక తండ్రి ఒక చిన్న చొక్కా పట్టుకుని నిలబడితే, అది బిడ్డకు పొట్టిదైపోయి ఉండవచ్చు. అందుకు అతన్ని ఎగతాళి చేయకండి. బిడ్డ ఇప్పుడెంత ఎదిగాడో చెప్పండి. వచ్చే ఏడు సరిపోయేది తెచ్చుకుంటాడు.