బటన్ మన దగ్గర, సర్వర్ ఎక్కడో

మన గ్రూపులో ఫైనలియర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు జావా సర్వర్లకి రిమోట్ అడ్మిన్ కన్సోల్ తయారు చేయడాన్ని ప్రాజెక్టుగా తీసుకున్నారు. మంచి పని. కానీ పెట్టిన స్క్రీన్‌షాట్లలో అన్నీ రంగురంగుల గ్రాఫులు, మెమరీ మీటర్లే. నా దృష్టిలో అవి చివర చేసుకోవాల్సినవి.

అసలు కష్టం 'రిమోట్' అన్న మాటలో ఉంది. టామ్‌క్యాట్ హైదరాబాద్‌లో నడుస్తోంది. మీరు పాడేరులోనో ఉట్నూరులోనో ఫోన్ హాట్‌స్పాట్ మీద కూర్చుని రీస్టార్ట్ నొక్కారు. చక్రం తిరుగుతుండగానే సిగ్నల్ పోయింది. ఇప్పుడు రీస్టార్ట్ అయ్యిందా, కాలేదా? మన ఆదేశం చేరకముందే లైను తెగిందా, లేక పని అయిపోయాక జవాబు దారిలో పోయిందా? మన ప్రాజెక్టులు ఇక్కడ ఎర్రగా 'ఫెయిల్డ్' అని చూపిస్తున్నాయి. అది అబద్ధం. కన్సోల్‌కి తెలీదు, అంతే. తెలీదనే చూపించాలి. ఫెయిల్ అనుకుని మళ్లీ నొక్కితే అప్పుడే లేచిన సర్వర్ మళ్లీ పడుతుంది. ఆ రోజు స్కాలర్‌షిప్‌కి లాస్ట్ డేట్ అయితే, సగం ఫారం నింపి కూర్చున్న పిల్లల పరిస్థితి మనకి ఒకరు చెప్పాలా?

కాబట్టి ప్రతి ఆదేశానికీ ఒక నంబర్ ఇవ్వండి. సర్వర్ ఉన్న మెషీన్‌లోనే ఒక చిన్న ఏజెంట్ ఉండి, పని మొదలుపెట్టే ముందే ఆ నంబర్ని డిస్కు మీద రాసుకోవాలి. అదే నంబర్ మళ్లీ వస్తే పని మళ్లీ చేయకూడదు, మొదటిది ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. ఆ ఏజెంట్‌ని అప్లికేషన్ నడిచే జేవీఎంలోనే పెట్టకండి. పడిపోయిన జేవీఎం తనని తాను లేపుకోలేదు కదా. వెబ్‌లాజిక్‌లో నోడ్ మేనేజర్ వేరే ప్రాసెస్‌గా ఉండేది ఇందుకే.

ఇక లాగిన్ సంగతి. జేబాస్ పాత జేఎంఎక్స్ కన్సోల్‌లో పాస్‌వర్డ్ కాపలా గెట్, పోస్ట్ రిక్వెస్టులకి మాత్రమే పెట్టారు. హెడ్ రిక్వెస్టుతో వస్తే అడిగే దిక్కు లేదు. 2010లో ప్యాచ్ వచ్చింది. వేసుకోని సర్వర్లలోకి 2011లో వార్మ్ దూరింది. మూయాల్సినవి లెక్కపెట్టి మూస్తే ఇలాగే ఏదో ఒకటి మిగిలిపోతుంది. అన్నీ మూసేసి, కావలసినవే తెరవాలి. వైల్డ్‌ఫ్లై మేనేజ్‌మెంట్ పోర్టు 9990 మామూలుగా 127.0.0.1 మీదే వింటుంది. మీరూ అలాగే ఉంచి, బయటి నుంచి ఎస్ఎస్‌హెచ్ టన్నెల్‌లో రండి. స్థితి చూసే మనిషికి అప్లికేషన్ తీసేసే అధికారం ఎందుకు? టామ్‌క్యాట్ 7 నుంచే ఈ రోల్స్ విడివిడిగా ఉన్నాయి.

"అన్నా, ఇంటర్వ్యూలో గ్రాఫులే చూస్తారు" అని ఒక తమ్ముడు అన్నాడు. చూడనీ. కానీ సర్వర్లు నడిపిన మనిషి ఎదురుగా కూర్చుంటే మొదట అడిగేది నెట్ పోతే ఏమవుతుందనే.

వచ్చే ఆదివారం లోపు ఒక పని చేయండి. రీస్టార్ట్ నొక్కి, వెంటనే ఫోన్‌లో డేటా ఆపేయండి. మీ కన్సోల్ ఏం చూపిస్తుందో వీడియో తీసి ఇక్కడే పెట్టండి, అందరం చూద్దాం.